ఆఫీసు ఫోన్లు మార్చే ముందు ఈ చిన్న పరీక్ష

ఆఫీసులో పాత ల్యాండ్‌లైన్లు తీసేసి ఇంటర్నెట్ కాలింగ్‌కి మారదామనుకుంటున్నారా? ధరలు పోల్చే పని తర్వాత చూసుకోవచ్చు. ముందు అందరూ పనిలో ఉన్న వేళ చూసి నెట్ కాల్ ఒకటి కలపండి. మాట్లాడుతూనే పక్క సీటువాళ్లను ఓ పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేయమనండి. మీ "హలో" అవతల "హ... లో" అని ముక్కలైతే, ఆ కనెక్షన్ ఇంకా ఫోన్లకు సిద్ధంగా లేనట్టే.

నిజానికి ఒక్కో కాల్‌కి అటూ ఇటూ దాదాపు 100 కేబీపీఎస్ నెట్ స్పీడు చొప్పున ఉంటే చాలు. పదిమంది ఒకేసారి మాట్లాడినా 1 ఎంబీపీఎస్‌తో సరిపోతుంది. కావాల్సింది స్పీడు కన్నా నిలకడ. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు బాగా దాటితే, ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డుపడుతుంటారు. రౌటర్‌లో వాయిస్‌కి ముందు దారి ఇచ్చే క్యూఓఎస్ సెట్టింగ్ ఆన్ చేసి మళ్లీ పరీక్షించండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది.

ఇక కరెంటు సంగతి. రాగి తీగ లైనుకి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వస్తుంది కాబట్టి, దానికి నేరుగా తగిలించిన మామూలు ఫోన్ చీకట్లోనూ మోగుతుంది. నెట్ ఫోన్ మోగాలంటే మోడెమ్, రౌటర్, ఫోన్ల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ అన్నిటికీ యూపీఎస్ ఉండాలి. అందులో స్విచ్‌ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ (నేనూ ఆ బాపతే).

లిఫ్ట్‌లోని ఎమర్జెన్సీ ఫోన్, ఫైర్ అలారం పాత లైను మీదే ఉన్నాయేమో కనుక్కోండి. ఉంటే ఆ ఒక్క లైను ఉంచేయండి. పాత నంబరునే కొత్త సర్వీసుకి మార్చుకునే వీలుంటే, అది మారేదాకా పాత కనెక్షన్ మాత్రం రద్దు చేయించకండి, నంబరు చేజారిపోవచ్చు.