ఏసీ ఫిల్టర్ కడిగే ముందు చూసుకోవలసినవి

• రిమోట్‌తో ఆపితే సరిపోదు. ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీని (కరెంటు బోర్డులోని చిన్న స్విచ్‌ని) కూడా దించండి. లోపలి ఫ్యాన్ పూర్తిగా ఆగాకే మూత తెరవండి.

• కింద చక్రాలున్న కుర్చీ ఎక్కవద్దు. కదలని స్టూలు వేసుకోండి.

• ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

• ఫిల్టర్ తీయగానే వెనుక పలుచని అల్యూమినియం రేకులు వరుసగా కనిపిస్తాయి. చాలామంది దెబ్బ తగిలించుకునేది ఇక్కడే. వాటి అంచులు బ్లేడులా వేలిని కోస్తాయి. కాస్త గట్టిగా నొక్కితే వంగిపోయి గాలికి అడ్డుపడతాయి. వాటిని తాకకండి, గట్టి బ్రష్‌తో రుద్దకండి.

• ఫిల్టర్‌ను మామూలు నీళ్లతో కడిగి నీడలోనే ఆరబెట్టండి. వేడినీళ్లకు, మండుటెండకు ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది, మళ్లీ గాడిలో కూర్చోదు. తడిగా బిగిస్తే బూజు పట్టి గదంతా ముక్కవాసన వస్తుంది.

• బయటి యూనిట్ మూత మాత్రం విప్పవద్దు. కరెంటు తీసేసినా అందులోని కెపాసిటర్ అనే భాగంలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. అది మెకానిక్ పని.

• అద్దె ఇల్లయితే ముందు ఒప్పందపత్రం చూడండి, మరమ్మతులు ఎవరి బాధ్యతో అందులో ఉండవచ్చు. గోడ మీద నీటి చారలు, పగిలిన క్లిప్పులు ఉంటే చేయి పెట్టకముందే ఫోటో తీసి యజమానికి పంపండి.