పాత సున్నపు గోడకు సిమెంటు పూయించకండి

మా తాతగారి ఇల్లు బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. వీధి గది గోడకు చెమ్మ ఎక్కితే నేనే దగ్గరుండి సిమెంటు పూయించాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ భుజం దాకా పాకింది. పూత పెచ్చులుగా ఊడాక చూస్తే, ఇటుక వేలితో గీరితే పిండిలా రాలింది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

సున్నపు గోడ నేలలోంచి పీల్చుకున్న చెమ్మను పైపూత గుండా గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి దాన్ని పగలగొడుతుంది.

మీ గోడ సున్నపుదో కాదో తెలియాలంటే ముందు ఇంటి వయసు పట్టుకోండి. కప్పు మీది పెంకు ఒకటి తీసి తిరగేయండి. బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. వాళ్ల ముద్ర ఉంటే ఆ పెంకు అంతకుముందుది కాదు. ఇనుప దూలం మీద టాటా పేరుంటే 1912 ముందుది కాదు. అయితే కప్పు తర్వాత మార్చి ఉండొచ్చు, గోడలు ఇంకా పాతవి కావచ్చు. అందుకే దస్తావేజులు కూడా చూడండి. ఏదీ కదపకముందే ప్రతి గదికీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత నీళ్ల సంగతి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా? వీధి మట్టం పెరిగి పునాది కప్పుకుపోయిందా? అది సరిచేయకుండా పూత జోలికి పోవద్దు.

సిమెంటును చిన్న ఉలితో మెల్లగా ఊడదీయండి. గోడను కొన్ని నెలలు ఆరనివ్వండి. కొత్త పూతకు సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు. రాతి సున్నం ఊరబెట్టేటప్పుడు నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి కళ్లలోకి చిందుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. గోడ తడిపి, పలచగా రెండు పొరలుగా పూయించండి. వారం పాటు తడి గోనెపట్టాలు కట్టండి. తొందరపడితే బీటలే.

పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు, వెల్లే వేయండి. తడిగా ఉన్నప్పుడు గోడ మీద ఏమీ పడనట్టే ఉంటుంది, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. చాలలేదనుకుని చిక్కగా కలిపితే పొట్టు లేస్తుంది. పలచగానే మూడు నాలుగు సార్లు వేయించండి.