చలికాలంలో కారు వాషర్ ఫ్లూయిడ్ గడ్డకడితే ఏం చెయ్యాలి

నవంబర్ దాటిందంటే చికాగో, డెట్రాయిట్, మినియాపోలిస్ వైపు ఉండే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది, వైపర్లు తిరుగుతున్నాయి గానీ నీళ్ళు రావట్లేదు, మోటార్ పోయిందా అని. చాలాసార్లు మోటార్‌కి ఏం కాదండి, అద్దం కడగడానికి ట్యాంకులో పోసే వాషర్ ఫ్లూయిడ్ గడ్డకట్టి ఉంటుంది అంతే. డాలస్ నుంచో కాలిఫోర్నియా నుంచో షిఫ్ట్ అయి వచ్చినవాళ్ళకి, ఇండియా నుంచి వచ్చి ఇక్కడ మొదటి కారు కొన్నవాళ్ళకి ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే ట్యాంకులో ఉండేది చలికి తట్టుకోని సమ్మర్ ఫ్లూయిడ్, లేదంటే మన దగ్గర అలవాటు ప్రకారం పోసేసిన కుళాయి నీళ్ళు.

ముందు చెయ్యాల్సింది ఏంటంటే స్ప్రే కోసం వైపర్ లివర్ లాగడం ఆపెయ్యండి. గడ్డకట్టిన ఫ్లూయిడ్ మీద పంప్‌ని మళ్ళీ మళ్ళీ నడిపిస్తే ఫ్యూజ్ ఎగిరిపోతుంది, ఒక్కోసారి పంపే కాలిపోతుంది. ఒక్కసారి మాత్రం లాగి చెవి పెట్టి వినండి. గుయ్ మని సౌండ్ వస్తుంటే పంప్ బాగానే ఉంది, నాజిల్‌లోనో (అద్దం మీదికి స్ప్రే చిమ్మే చిన్న రంధ్రం) పైపులోనో మంచు అడ్డుపడింది. అసలు సౌండే లేకపోతే పంప్ దగ్గరే బిగుసుకుపోయి ఉండాలి, లేదా ఫ్యూజ్ పోయి ఉండాలి.

కరిగించడానికి అన్నిటికంటే మంచి పద్ధతి కారుని వెచ్చగా ఉండే చోట పెట్టడం. హీటెడ్ గరాజ్ ఉంటే రాత్రంతా వదిలెయ్యండి, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు మాల్ కిందో ఆఫీస్ కిందో ఉన్న పార్కింగ్‌లో కొన్ని గంటలు పెట్టినా పనవుతుంది. బయటే ఉంటే ఇంజిన్ ఆన్ చేసి హుడ్ మూసి ఉంచితే ఆ వేడికి నాజిల్, పైపులు నెమ్మదిగా వదులుతాయి, ట్యాంక్‌కి మాత్రం చాలా టైం పడుతుంది, చాలా కార్లలో అది ముందు చక్రం పక్కన ఫెండర్ లోపల ఇంజిన్‌కి దూరంగా ఉంటుంది కదా. గరాజ్‌లో తలుపు మూసి ఇంజిన్ ఆన్ చెయ్యడం మాత్రం వద్దే వద్దు, తలుపు సగం తెరిచినా సరే వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం పోతుంది. ట్యాంకులో ఖాళీ ఉంటే వింటర్ ఫ్లూయిడ్ డబ్బాని ఇంట్లో ఉంచి రూమ్ టెంపరేచర్‌కి వచ్చాక కొంచెం కొంచెంగా పొయ్యండి, అది మంచుని కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. స్టవ్ మీద వేడి చెయ్యకండి, అందులో మిథనాల్ ఉంటుంది, అంటుకుంటుంది. నాజిల్ ఒక్కటే మూసుకుపోతే రబ్బింగ్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి కాసేపు ఆగితే చాలు.

మరిగే నీళ్ళ ఐడియా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు చెప్తారు, దయచేసి వినకండి. అద్దం మీద పోస్తే పగుళ్ళు పడతాయి, ట్యాంకులో పోస్తే ప్లాస్టిక్ చీలుతుంది, చీలకపోయినా ఆ నీళ్ళే సాయంత్రానికి మళ్ళీ గడ్డ. ఇంజిన్ కూలెంట్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు, అది అద్దం మీద జిడ్డులా పరుచుకుని ఎదురుగా వచ్చే లైట్లకి అసలేం కనపడదు.

కరిగిపోయింది, నీళ్ళొస్తున్నాయి కదా అని వదిలేస్తే మాత్రం రెండ్రోజుల్లో మళ్ళీ అదే కథ. పాతది మొత్తం తియ్యాలి. ఖాళీ అయ్యేదాకా స్ప్రే చెయ్యండి, మధ్యమధ్యలో ఆపుతూ, లేదా చేత్తో నొక్కే చిన్న సైఫన్ పంప్‌తో లాగెయ్యండి, నోటితో పైపు పెట్టి పీల్చొద్దు, మిథనాల్ కొంచెం కడుపులోకి వెళ్ళినా కళ్ళు పోవచ్చు. తర్వాత వింటర్ ఫ్లూయిడ్ నీళ్ళు కలపకుండా నింపి, అద్దం మీద కొత్త రంగు పడేదాకా స్ప్రే చెయ్యండి. చాలామంది ఈ చివరి పని చెయ్యరు, ట్యాంకులో కొత్తది ఉన్నా పైపుల్లో పాతది అలాగే ఉండి అదే గడ్డకడుతుంది. ఎస్‌యూవీ అయితే వెనక అద్దానిది కూడా, ఆ పైపు కారు పొడవునా వెళ్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు.

ఏది కొనాలంటే ఎంత చలిదాకా గడ్డకట్టదో చెప్పే నంబర్ డబ్బా మీద చూడండి, రంగు చూసి కొనొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. అమెరికాలో ఆ నంబర్ ఫారన్‌హీట్‌లో ఉంటుంది, మైనస్ 20 అంటే మన లెక్కలో సుమారు మైనస్ 29 సెల్సియస్. మామూలు రోజులకి అది సరిపోతుంది గానీ 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 23, మినియాపోలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్‌కి పడిపోయింది, అందుకే ఆ వైపు ఉండేవాళ్ళు మైనస్ 35ది పోసుకోవడమే నయం అని నా అభిప్రాయం, ధరలో తేడా పెద్దగా ఉండదు. డాలస్ వాళ్ళు మాకెందుకులే అనుకోవద్దు, 2021 ఫిబ్రవరిలో అక్కడా మైనస్ 2 ఫారన్‌హీట్ దాకా వెళ్ళింది. కాలిఫోర్నియాలో అయితే పొల్యూషన్ రూల్స్ వల్ల చాలా చోట్ల ఆల్కహాల్ దాదాపు లేని ఫ్లూయిడే అమ్ముతారు, ఫ్రీమాంట్ నుంచి వీకెండ్‌కి టాహో కొండల్లో మంచు చూడ్డానికి బయల్దేరేవాళ్ళు అది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోటి, మంచి ఫ్లూయిడ్ ఉన్నా చల్లటి అద్దం మీద హైవే స్పీడ్‌లో కొడితే ఆల్కహాల్ టక్కున ఆవిరైపోయి మిగిలిన నీళ్ళు తెల్లటి పొరలా గడ్డకడతాయి, ఒక్క క్షణంలో ముందు రోడ్డు మాయం. డీఫ్రాస్ట్ పెట్టి అద్దం వేడెక్కాకే స్ప్రే చెయ్యండి. ట్రక్ ఎగజిమ్మిన ఉప్పు బురద అద్దం నిండా పడి ఫ్లూయిడ్ రాకపోతే ఉత్తి వైపర్లతో రుద్దకండి, ఇంకా పులుముకుంటుంది, స్పీడ్ తగ్గించి తర్వాతి ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ స్టేషన్‌లో తుడుచుకోండి. ట్రంక్‌లో ఒక గ్యాలన్ డబ్బా, పాత గుడ్డ ఎప్పుడూ ఉంచుకోండి, ఇంట్లో దాచే డబ్బా మాత్రం పిల్లలకి అందని చోట, ఆ రంగు చూసి జ్యూస్ అనుకుంటారు. అంతా చేశాక కారు కింద చుక్కలు పడుతుంటే ట్యాంకో పంపో చీలినట్టే, అప్పుడిక మెకానిక్ దగ్గరికే.