చేదు కబురు చెప్పడం ఎలా? 3వ పాఠం: "అమ్మకు మాత్రం చెప్పకండి"

పోయిన పాఠంలో తలుపు వేసుకోవడం, ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, కూర్చుని మాట్లాడడం నేర్చుకున్నాం. స్టూలు దొరకలేదనే సాకు ఇక చెల్లదు. పక్క వార్డులోంచి తెచ్చుకోండి.

ఈసారి మనకు రోజూ తగిలే చిక్కు. బయాప్సీ రిపోర్టు చేతికొస్తుంది, క్యాన్సరని. పేషెంటు మంచం దగ్గరికి వెళ్లేలోపే కొడుకు కారిడార్‌లో ఆపుతాడు. "డాక్టర్ గారూ, అమ్మకు మాత్రం చెప్పకండి. తట్టుకోలేదు."

"చెప్పాల్సిందే, రూలు" అంటే రేపటికల్లా ఆస్పత్రి మార్చేస్తాడు. "సరే, చెప్పను" అనడం ఇంకా ప్రమాదం. పీజీ డాక్టరుగా ఉన్నప్పుడు నేను చేసిన తప్పు అదే. పేగులో పుండని చెప్పి కీమో మొదలుపెట్టాం. రెండో విడతకు వచ్చినప్పుడు ఆవిడ కొంగు ముడి విప్పి, వెంట్రుకల ఉండ తీసి మంచం మీద పెట్టింది. "పుండు మందుకు జుట్టు కూడా ఊడుతుందా బాబూ?" కొడుకు నేల చూశాడు. నేనూ అంతే.

చేదు కబురు చెప్పడానికి 2000లో డాక్టర్లు బెయిల్, బక్‌మన్ బృందం ప్రచురించిన స్పైక్స్ పద్ధతిలో ఆరు మెట్లున్నాయి. రెండోది, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం. మూడోది, ఇంకెంత తెలుసుకోవాలనుందో అడగడం. అక్కడ ఈ మెట్లు రోగితో ఎక్కుతారు. మనం ముందు కొడుకుతో ఎక్కాలి.

"అమ్మకు తెలిస్తే ఏమవుతుందని మీ భయం?"

"అన్నం మానేస్తుందండి. నాన్న పోయినప్పుడు నెల రోజులు..."

ఇక్కడ అడ్డు తగలొద్దు. పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తర్వాత: "నేనుగా వెళ్లి మొత్తం ఆవిడ నెత్తిన కుమ్మరించను. ఆవిడే అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ముందు ఆవిడనే అడుగుతాను. మీరూ పక్కనే ఉండండి." ఇలా అడిగితే కాదన్నవాళ్లు నాకు తక్కువే తగిలారు.

ఇప్పుడు అమ్మ దగ్గరికి. "అమ్మా, రిపోర్టులు వచ్చాయి. వివరాలు మీకే చెప్పమంటారా, అబ్బాయితో మాట్లాడమంటారా?" "వాడికే చెప్పు నాయనా" అంటే అది ఆవిడ నిర్ణయం. కేస్‌షీట్‌లో రాయండి. నాలుగు రోజులాగి మళ్లీ అడగండి, మనసు మారొచ్చు. ఒక్కోసారి కొడుకు మందుల షాపుకు వెళ్లగానే ఆవిడే మీ చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసులే బాబూ, వాడికి చెప్పకు, బెంగ పెట్టుకుంటాడు" అంటుంది.

మన సంస్కృతిలో ఇంతే అని సర్దుకునేవాళ్లకు ఒక మాట. 1961లో అమెరికాలో జరిపిన సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979 నాటికి 97 శాతం చెప్పడమే మేలన్నారు. దేశం అదే, మారింది అలవాటు.

అభ్యాసం: తోటి పీజీని కొడుకుగా నిలబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడండి. డాక్టరు ఏ వాక్యాన్నీ "కానీ" అని మొదలుపెట్టకూడదు. ఎన్నిసార్లు నోరు జారారో లెక్క రాసి ఉంచుకోండి, 4వ పాఠంలో దాంతో పని ఉంది.