కంప్యూటర్ ఫ్యాన్ భాగాలు, రకాలు: తగిన ఫ్యానును ఎంచుకునే విధానం

రోహిణి కార్తెలో బయట ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా, పనిచేస్తున్న కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోవడం చాలామందికి అనుభవమే. వెంటనే పెద్ద ఫ్యాను కొనడానికి బయలుదేరే ముందు ఒక విషయం గ్రహించాలి: ఫ్యాను గాలిని చల్లబరచదు, హీట్ సింక్‌కు, అంటే ప్రాసెసర్ వేడిని పీల్చుకునే లోహపు దిమ్మకు, పట్టిన వేడిని గది గాలిలోకి తరలిస్తుంది. గదిలో 38 డిగ్రీలుంటే ఎంత ఖరీదైన ఫ్యానుతోనూ ప్రాసెసర్ అంతకన్నా చల్లబడదు. ఇంత వేడిలో గంటల తరబడి తిరగవలసిన వస్తువు గనుక, మన ప్రాంతంలో ఫ్యాను కొనేవారు రంగుదీపాల కన్నా ముందు బేరింగును చూడాలని నా దృఢమైన అభిప్రాయం.

భాగాలు తెలుసుకోవడానికి పాడైన పాత ఫ్యానును విప్పి చూడటం కన్నా మంచి మార్గం లేదు. మధ్యలోని స్టిక్కరు తీస్తే, చాలా మామూలు ఫ్యాన్లలో చిన్న రబ్బరు మూత, దాని కింద ఇరుసును పట్టి ఉంచే తెల్లని ప్లాస్టిక్ రింగు కనిపిస్తాయి. సన్నని స్క్రూడ్రైవరుతో ఆ రింగును తప్పిస్తే రెక్కల చక్రం ఊడి వస్తుంది. చక్రం బొడ్డు లోపలి అంచున గుండ్రని అయస్కాంతం అతికించి ఉంటుంది. చట్రం వైపు రాగి తీగ చుట్టలు, వాటి కింద చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. ఆ బోర్డు మీది హాల్ సెన్సరు అయస్కాంతపు ధ్రువాలు ఎక్కడున్నాయో గమనిస్తుంటే, దానికి తగినట్టు సర్క్యూట్ తీగ చుట్టల్లో కరెంటును మారుస్తుంది. తిరిగేది అయస్కాంతం, కదలకుండా ఉండేవి తీగ చుట్టలు. అందువల్ల దీనిలో అరిగిపోయే కార్బన్ బ్రష్షులు ఉండవు, అరిగేది ముఖ్యంగా బేరింగే.

స్లీవ్ బేరింగులో ఇరుసు నూనె పట్టించిన లోహపు గొట్టంలో తిరుగుతుంది. కొత్తలో ఇది నిశ్శబ్దంగా, చవకగా ఉంటుంది కానీ, వేడికి నూనె తరిగినకొద్దీ గరగర మొదలవుతుంది. క్యాబినెట్ పైకప్పుకు అడ్డంగా బిగిస్తే ఇంకా త్వరగా అరుగుతుంది కనుక దీనిని వెనుకవైపు నిలువుగా అమర్చడమే మంచిది. బాల్ బేరింగు ఏ దిశలోనైనా పనిచేస్తుంది, వేడిని బాగా తట్టుకుంటుంది. కొంచెం శబ్దం మాత్రం భరించాలి. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగులో ఇరుసు పలుచని నూనె పొరపై తేలుతున్నట్టు తిరుగుతుంది, అందుచేత శబ్దం తక్కువ, మన్నిక ఎక్కువ, ధర కూడా ఎక్కువే. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసి పాలిష్ చేసే చోట ఉన్న ఆఫీసు కంప్యూటరుకు స్లీవ్ ఫ్యాను కొనవద్దని చెబుతాను. సన్నని రాతిపొడి నూనెలో కలిస్తే, అది ఇరుసును అరగదీసే ముద్దగా మారుతుంది. గరగరలాడే స్లీవ్ ఫ్యానులో కొబ్బరినూనె వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది కొన్నాళ్లకు జిగురై రెక్కలను పట్టేస్తుంది కనుక, వేయాలనుకుంటే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు.

వైర్ల సంగతి సులువు. రెండు వైర్లుంటే ఫ్యానుకు కరెంటు మాత్రమే అందుతుంది. మూడవది వేగాన్ని మదర్‌బోర్డుకు తెలియజేస్తుంది. నాలుగవ వైరు ద్వారా బోర్డు, ప్రాసెసర్ వేడిని బట్టి, ఫ్యాను వేగాన్ని పెంచి తగ్గిస్తుంది. మూడు పిన్నుల ఫ్యానును నాలుగు పిన్నుల చోట పెట్టినా తిరుగుతుంది, అయితే బోర్డులో వోల్టేజీతో నియంత్రించే సదుపాయం లేకపోతే ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది.

సైజులలో 80, 92, 120, 140 మిల్లీమీటర్లవి సాధారణం. పెద్ద ఫ్యాను తక్కువ వేగంతోనే అంత గాలిని తోయగలదు కనుక, చోటు ఉంటే 120 లేదా 140 తీసుకోవాలి. కొలిచేటప్పుడు స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని చట్రం సైజుగా పొరబడకూడదు: 120 ఫ్యానుకు ఆ దూరం 105 మిల్లీమీటర్లు. క్యాబినెట్ వెనుక గాలికి అడ్డు ఉండదు కాబట్టి ఎక్కువ గాలి తోసే రకం సరిపోతుంది. హీట్ సింక్ లేదా దట్టమైన వడపోత జాలీ ముందు మాత్రం గాలిని బలంగా నెట్టగల, వెడల్పు రెక్కల రకం కావాలి. ల్యాప్‌టాపుల్లో ఉండే బ్లోయరు గాలిని పైనుంచి పీల్చి పక్కకు వదులుతుంది.

బిగించే ముందు దిశ చూసుకోవాలి. మోటారును పట్టి ఉంచే అడ్డకమ్మీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకు వస్తుంది. సందేహముంటే తిరుగుతున్న ఫ్యాను దగ్గర అగరుబత్తి పొగ పెడితే తెలిసిపోతుంది. ముందునుంచి లోపలికి, వెనుకనుంచి బయటకు గాలి నడవాలి; లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువగా ఉండేట్టు చూసి, ఆ దారిలో జాలీ పెడితే సందుల్లోంచి దుమ్ము చొరబడటం తగ్గుతుంది. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రతీర గ్రామాల్లో ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి కనుక, స్టెయిన్‌లెస్ స్క్రూలు లేదా రబ్బరు పిన్నులు వాడటం మేలు.

శుభ్రం చేసేటప్పుడు కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, రెక్కలను వేలితో కదలకుండా పట్టుకున్న తరువాతే దుమ్ము ఊదే బ్లోయరు పెట్టాలి. వదిలేస్తే రెక్కలు తమ వేగానికి మించి తిరిగి బేరింగు దెబ్బతినవచ్చు, అలా తిరిగే మోటారులో పుట్టే కరెంటు మదర్‌బోర్డులోకి పోవచ్చు. మన దుమ్ముకు ఈ పని మూడు నెలలకు ఒకసారైనా చేయాలి, ఎండలు ముదరక ముందు, ఫాల్గుణంలోనే, ఒకసారి తప్పనిసరిగా చేయాలి.