అలవాటు కుదురుకునే దాకా
అనంతపురం ఎండల్లో నడక అలవాటు చేసుకోదలచినవారు, ఉదయం పాల ప్యాకెట్ తెచ్చి ఇంట్లో పెట్టిన వెంటనే బయలుదేరాలని నిర్ణయించుకోవాలి. రోజూ తప్పక జరిగే పనికి ముడివేసిన కొత్త పని సులువుగా గుర్తుకు వస్తుంది. మొదట పది నిమిషాలు చాలు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అలవాటు స్థిరపడడానికి కొందరికి 18 రోజులే సరిపోగా మరికొందరికి 254 రోజుల వరకూ పట్టవచ్చని అంచనా వేశారు కనుక, పొరుగువారితో పోల్చుకుని కుంగిపోవడం మనకు మనం చేసుకునే అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. తప్పిన రోజున మాత్రం కారణాన్ని నోటుపుస్తకంలో ఒక్క వాక్యంగా, ఉన్నదున్నట్టు రాసుకోవాలి: రాత్రి ఆలస్యంగా పడుకున్నామా, ఎండెక్కాక లేచామా, మనసే ఒప్పుకోలేదా? నెల తర్వాత చదివినప్పుడు ఆలస్యపు నిద్రే పదేపదే కనిపిస్తే, ముందు పడుకునే వేళను సవరించుకోవాలి. నడక నిమిషాలను ఆ తర్వాత పెంచుకోవచ్చు.