గోడ రంగు చెడకుండా మరకలు తుడవాలంటే

దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడు బూజుతో పాటు గోడల మరకల మీదా కన్ను పడుతుంది. తుడిచే తీరు తెలియకపోతే మరక పోయినా తుడిచిన గుర్తు మిగులుతుంది. అందుకే బకెట్ పట్టకముందే రెండు సంగతులు తేల్చుకోండి: గోడకు వేసింది ఏ రంగు, తుడవబోయేది ఏ నీళ్లతో.

రంగు సంగతి తేల్చడం సులువే. బీరువా వెనకో, తలుపు చాటునో తెల్లటి తడిగుడ్డతో పదిసార్లు రుద్దండి. గుడ్డకు రంగు సుద్దలా అంటితే అది సున్నమో, మామూలు డిస్టెంపరో. దానికి నీళ్లు తగలనీయొద్దు. పొడి బ్రష్‌తో దులపండి, పెన్సిల్ గీతలు రబ్బరుతో తీయండి, పోని చోట మళ్లీ పూత వేయండి. రంగు అంటకపోతే అది ఎమల్షన్, అద్దంలా మెరిస్తే ఆయిల్ పెయింట్. ఇవి రెండూ తడికి ఆగుతాయి. అయితే కొత్తగా వేసిన ఎమల్షన్‌ను నెలరోజుల దాకా తడపొద్దు. పైకి ఆరినట్టున్నా పొర పూర్తిగా గట్టిపడటానికి అంత సమయం పడుతుంది.

ఇక నీళ్లు. మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే. మునుగోడు, దేవరకొండ వైపైనా, పాలమూరు పల్లెల్లోనైనా చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పునీళ్లే. స్టీల్ గ్లాసు మీద ఆరి మిగిలే తెల్లటి పొరే గోడ మీదా మిగులుతుంది. ముదురు రంగుల మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ నీళ్లలో బట్టల సబ్బు నురగ రాకుండా తెట్టు కట్టి గోడకు పడుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ అలా తెట్టు కట్టదు, అదే వాడండి. నల్లాలో మిషన్ భగీరథ పథకం నది నీళ్లు వచ్చినప్పుడు రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి. ఆర్వో మిషన్ పక్కపైపులోంచి పోయే నీళ్లు గచ్చు తుడవడానికి పనికొస్తాయి గానీ గోడకు వద్దే వద్దు. వడకట్టిన ఉప్పంతా వాటిలోనే చేరుతుంది. బోరు తప్ప వేరే దారి లేకపోతే నీళ్లు బాగా మరగబెట్టి చల్లార్చి, అడుగున తెల్లగా దిగినదాన్ని వదిలేసి పైతేట వంచుకోండి.

ముందు బూజుకర్రతో, పొడిగుడ్డతో గోడంతా దులపాలి. దీపం, అగరుబత్తి, దోమలచుట్ట మసి ఉన్నచోట ఇది తప్పనిసరి. పొడి మసికి తడి తగిలిందా, నల్లటి చారలుగా సాగి రంగులోకి దిగుతుంది. స్విచ్‌బోర్డు ఉన్న గోడకైతే మెయిన్ ఆపేయండి. 5 లీటర్ల నీళ్లకు ఒక చిన్న చెంచా లిక్విడ్ చాలు, ఎక్కువైతే జిగురు మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. ఇంకో బకెట్‌లో ఉత్త నీళ్లు పెట్టుకోండి. మెత్తటి నూలుగుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, కింది నుంచి పైకి తుడుచుకుంటూ పోండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు కింది పొడిగోడ మీద చారలు కడతాయి, అవి ఆరాక వదలవు. మీటరు వెడల్పు సబ్బుగుడ్డతో అవగానే మంచినీళ్ల గుడ్డతో పైనుంచి కిందికి తుడిచి, పొడిగుడ్డ అద్ది ఆ తర్వాత పక్కకు జరగండి. ఎండాకాలమైతే పొద్దున్నే కానివ్వండి. పడమటి గోడ సాయంత్రానికి కాలిపోతూ ఉంటుంది, తుడిచేలోపే నీళ్లారి మచ్చలవుతాయి.

వంటింట్లో పొయ్యి పక్క నూనె జిడ్డుకు గోరువెచ్చటి నీళ్లలో లిక్విడ్ రెట్టింపు చేయండి, గుడ్డను మరక మీద రెండు నిమిషాలు అదిమి ఉంచి తుడవండి. పోపు మరక మీద మాత్రం బట్టల సోడా, డిటర్జెంట్ పొడి వేయకండి. సున్నం తగిలిన పసుపు పారాణిలా ఎర్రబడ్డట్టే గోడా ఎర్రబారుతుంది. అప్పటికే ఎర్రబడితే నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి అద్దితే మళ్లీ పసుపుకు తిరుగుతుంది. మిగిలిన ఛాయ వెలుతురు తగిలే గోడ మీదైతే మెల్లగా వెలిసిపోతుంది.

మంచం తలాపున తలనూనె మరక తాజాదైతే టాల్కం పౌడర్ అద్ది ఒక గంటాగి దులపండి. పాతదై లోపలికి దిగితే ఎంత తుడిచినా పోదు. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే నూనె మళ్లీ పైకి తేలుతుంది, ముందు ఆయిల్ ప్రైమర్ ఒక పూత పడాలి. బాల్‌పెన్ గీతలకు దూదితో స్పిరిట్ అద్దండి. రుద్దితే గీతతో పాటు రంగూ వస్తుంది. తినే సోడా ముద్ద, తెల్లటి మ్యాజిక్ స్పాంజి రెండూ సన్నటి ఉప్పుకాగితం పని చేస్తాయి. మెరుపు లేని గోడ మీద వాడితే రుద్దినచోట మాత్రమే నిగనిగలాడుతుంది.

కిటికీలకు, తలుపులకు వేసిన పాత ఆయిల్ పెయింట్ పెచ్చులూడుతుంటే పొడిగా గీకొద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు.

వానాకాలం మూలల్లో నల్లబూజు పడితే ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు పది వంతుల నీళ్లు కలిపి అద్దండి, పది నిమిషాలాగి తుడవండి. కిటికీలు తెరిచి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. రంగు వెలుస్తుందేమో ముందు ఒక మూల చూసుకోండి. బ్లీచ్‌లో నిమ్మరసం గానీ, బాత్రూం యాసిడ్ గానీ కలిస్తే విషవాయువు వస్తుంది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. తెల్లటి ఉప్పు పొంగితే మాత్రం తడిగుడ్డ ముట్టించొద్దు. నీళ్లకు ఉప్పు కరిగి లోపలికి పోయి ఆరాక మళ్లీ పొంగుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, గోడ అవతల బాత్రూం పైపు కారుతోందేమో, మేడ మీద పగులుందేమో చూడండి. చెమ్మ ఆగి గోడ ఎండేదాకా ఆ చోట పుట్టీ, రంగు వేసినా నిలవవు.